గొలుసన్న జీపు, వదిన పిండిమర

మా అన్నయ్యకి పాత బండి కనిపిస్తే చాలు, ఒంట్లో బాగాలేని చుట్టం ఎదురైనట్టు ఆగిపోతాడు. రోడ్డు మీద పోతున్న ముక్కూమొహం తెలియని మనిషిని నిలబెట్టి, "మీ బండి దగ్గుతోందండీ, ఒక్కసారి ఇంజను ఆపి మళ్లీ వెయ్యండి" అంటాడు. ఆ మనిషి పనికి పోతున్నాడో, ఆసుపత్రికి పోతున్నాడో ఆయనకి పట్టదు. చూస్తుండగానే బానెట్టు లేస్తుంది, సామాన్లు రోడ్డెక్కుతాయి, ఆ మనిషి చెయ్యి నడుం మీద పెట్టుకుని నావైపు దిక్కులేనట్టు చూస్తాడు. నేను క్షమించమంటాను. మా ఇంట్లో క్షమాపణల శాఖ నాది.

ఊళ్లో అందరూ అన్నయ్యని గొలుసన్న అంటారు. జీపులో వెనక సీటు ఉండాల్సిన చోట లావుపాటి ఇనుపగొలుసు ఒకటి చుట్టచుట్టుకుని పడి ఉంటుంది. ఎవరి బండి బురదలో దిగబడినా, ఎవరి లారీ కొండరోడ్డు మలుపులో మొరాయించినా కబురు ముందు అన్నయ్యకే వస్తుంది. నిజానికి ఆ గొలుసు వాడి చాలా కాలమైంది. ఇప్పుడు లాగేదంతా నైలాన్ తాడుతోనే. అయినా పేరు గొలుసు దగ్గరే ఆగిపోయింది, గొలుసు జీపులోనే ఉండిపోయింది. తీసేద్దామంటే "బరువుండాలే, వెనక చక్రాలకి పట్టు ఉంటుంది" అంటాడు. ఏ చెత్తనైనా ఉంచడానికి ఆయన దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉంటుంది.

నాన్న పోయాక షెడ్డు అన్నయ్యకొచ్చింది. షెడ్డుతో పాటు చెల్లెల్ని నేనూ వచ్చాను. రేకుల కప్పు, నూనె పీల్చి నల్లబడ్డ నేల, గోడకి మేకులు కొట్టి వేలాడదీసిన పానాలు, మూలన ఎప్పటిదో తెలియని నీళ్ల ఇంజను, దాని పక్కన చక్రాల్లేని ట్రాక్టరు, వీటన్నిటి మధ్యా నేను. పని మొత్తం తెలుసు, జీతం మాత్రం లేదు. ఇంట్లో మనిషికి జీతమేంటి అని అన్నయ్య ఎప్పుడూ అనలేదు. ఆ మాట ఆయనకి తట్టనే లేదు, అంతే. తట్టించకుండా నేను ఊరుకోవడం నా తప్పు కాదు, నా ఖర్మ.

బండిని లాగేటప్పుడు నా చోటు వెనక బండిలో. చచ్చిపడిన బండి స్టీరింగు దగ్గర కూర్చోవాలి. చూసేవాళ్లకి అది కూర్చోవడమే, ఇంజను లేనప్పుడు స్టీరింగు రాయిలా బిగుసుకుంటుందనీ, బ్రేకు మీద నిలబడితే తప్ప అది వినదనీ వాళ్లకేం తెలుసు. ముందువాడికి లాగడం ఒక్కటే పని. తాడు వదులు కాకుండా చూసుకోవాల్సింది వెనకవాడు. పల్లం వచ్చిందంటే నేను బ్రేకు పట్టాలి, లేకపోతే వెనక బండి వెళ్లి ముందు బండిని గుద్దుతుంది. వదులైన తాడు ఒక్కసారిగా బిగిస్తే పుటుక్కున తెగుతుంది. అన్నయ్య వెనక్కి తిరిగి చూడడు. నేనున్నానని ఆయనకి ధీమా. ఏళ్ల తరబడి నేను లోకాన్ని చూసింది ఆ జీపు వెనక రేకుకున్న సొట్టల మీదుగానే.

ఇక ఆయన పని పద్ధతి. కొత్త సామాను కొనడమంటే అన్నయ్యకి చిన్నతనం. "కొత్తది బండికి అలవాటు పడేలోగా బండికి కాలం తీరిపోతుంది" అంటాడు. అందుకని నడవని బండిలోంచి తీసి నడవాల్సినదానికి పెడతాడు. తర్వాత ఆ నడవనిది నడవాల్సి వస్తే ఇంకోదానిలోంచి తీస్తాడు. మా షెడ్డులో ఏ బండీ తన సొంత అవయవాలతో లేదు. ట్రాక్టరు తాలూకు పంపు జీపులో ఉంది, జీపు పాత డైనమో నీళ్ల ఇంజనుకుంది, నీళ్ల ఇంజను మూత ఎక్కడుందో ఆయనకే తెలియాలి. అడిగితే "ఉంది, ఎక్కడికి పోతుంది" అంటాడు. ఈ ఒక్క మాట విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి.

ఒక్క జీపు దగ్గర మాత్రం ఆయన తీరు వేరు. అది నాలుగు చక్రాలూ లాగే జీపు. గేరు పక్కన ఇంకో చిన్న లివరు ఉంటుంది, దాన్ని ముందుకు తోస్తే ముందు చక్రాలకి కూడా బలం వస్తుంది. ఎంత బురదైనా పాకుతూ బయటికొచ్చేస్తుంది. తడిబట్టలతో ఎవర్నీ దాన్లో కూర్చోనివ్వడు. దాని కింద ఎవర్నీ దూరనివ్వడు. తలుపు గట్టిగా వేస్తే దాని కన్నా ముందు ఆయనకి నొప్పి పుడుతుంది. వదిన అనేది, "ఆయనకి రెండు సంసారాలమ్మా, అందులో నేను చిన్నదాన్ని" అని.

వదినకి పిండిమర ఉంది. ఇంటికి ముందున్న గదిలో డీజిలు ఇంజనూ, దానికి ఎదురుగా మరా. ఇంట్లో పొయ్యి ఆరకుండా వెలుగుతోందంటే ఆ మర చలవే. మర పనికి సాయంగా ఒక పెద్దావిడ ఉంటుంది, చెవులు సరిగ్గా వినపడవు. ఆ చప్పుడులో అదే ఆవిడ అర్హత.

ఒకప్పుడు మర బాగా ఆడుతున్న రోజుల్లో అన్నయ్య గుమ్మంలో నిలబడి చెవి రిక్కించి, "లోపల ఏదో సన్నగా టిక్కుమంటోంది" అన్నాడు. వదిన వద్దంది. నేను వద్దన్నాను. సాయంత్రానికల్లా ఇంజను ముక్కలు ముక్కలుగా గోనెపట్టా మీద పరిచి ఉంది. అందులో ఒక ముక్క తీసుకెళ్లి ఎవరిదో నీళ్ల ఇంజనుకి పెట్టి, ఆ సంగతి మర్చిపోయాడు. జనం తెచ్చిన గోధుమల డబ్బాలన్నీ వదిన నెత్తిన పెట్టుకుని అవతలి వీధి మరకి మోసింది. మోసి మోసి మెడ పట్టేసింది. ఆ టిక్కుమనే చప్పుడు ఏమిటయ్యా అంటే, గోడ గడియారం.

ఆ రోజు వదిన ఒంటికాలి మీద లేచింది. "ఈ గడప దాటి మీ చెయ్యి నా మర మీద పడిందా, మీరే ఆ మరలో పడతారు" అని గుమ్మంలో నిలబడి వీధంతా వినేలా చెప్పింది. ఆ తర్వాత అన్నయ్య గుమ్మం బయట నిలబడే వదినని భోజనానికి పిలిచేవాడు.

కిందటేడు వదిన వాళ్లమ్మకి ఒంట్లో బాగాలేదని నన్ను తోడు తీసుకుని పుట్టింటికి వెళ్లి కొన్నాళ్లు ఉండి వచ్చింది. తను లేనప్పుడు ఇంజనుకీ మరకీ మధ్య తిరిగే ఇరుసు విరిగిందనీ, పట్నం నుంచి ఒక మెకానిక్కు వచ్చి బాగుచేసి వెళ్లాడనీ అన్నయ్య చెప్పాడు. ఇరుసు కనపడకుండా పైన రేకు మూత కూడా బిగించి ఉంది, చీరకొంగు చిక్కుకోకుండా. వదిన ఆ మూత చూసి మురిసిపోయింది. అప్పటినుంచీ మర ఆగలేదు. పిండి పట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకీ వదిన ఇదే పాట. "చూశారా, ఈయన చెయ్యి పడకపోతే మిషను ఎంత బుద్ధిగా ఉంటుందో! పట్నం మెకానిక్కంటే మెకానిక్కే. పని చేస్తే అలా చెయ్యాలి." అన్నయ్య గుమ్మం బయట నోట్లో నాలుక లేనివాడిలా నిలబడి వినేవాడు. ఒకసారి వదిన ఆ మెకానిక్కుని భోజనానికి పిలవమంది. "ఆయనకి తీరిక ఉండదు" అన్నాడు. అయితే ఇది ఇవ్వండని ఒక చొక్కా కొని ఇచ్చింది. తీసుకెళ్లి ఇచ్చొచ్చానన్నాడు. నేను కూడా నమ్మాను. ఆయన మాటలు నమ్మడంలో నాకున్నంత అనుభవం ఇంకెవరికీ ఉండదు.

అలా ఉండగా రోడ్ల ఆఫీసు నుంచి కబురొచ్చింది. కొండరోడ్డు మొదట్లో బండ్లు లాగడానికి ఒక జీపూ, దానితో పాటు ఇద్దరు మనుషులూ ఎప్పుడూ ఉండాలట. డ్రైవరు ఒకరు, సహాయం ఒకరు. ఇద్దరికీ నెలజీతం, ఎవరిది వాళ్ల చేతికే. కూర్చోవడానికి ఒక గది, చలికోటు, టార్చిలైటు. నన్ను లాగింది ఆ చలికోటు కాదు, ఎవరిది వాళ్ల చేతికే అన్న మాట. ఇన్నాళ్లూ ఉచితంగా చేస్తున్న పనికి ఎవరో పేరు పెట్టి జీతం ఇస్తామంటున్నారు. నాకు నిద్ర పట్టలేదు. ఈ ఉద్యోగం రాకపోతే ఇంకోటి వచ్చే వయసు కూడా కాదు నాది. బురదలో దించిన లారీని పైకి లాగి చూపించాలి, అదే పరీక్ష. పోటీకి ఇంకో బండి ఒక్కటే వస్తోంది. ఎర్ర రంగు పెద్ద బండి, దాని యజమానిని ఎర్రబండాయన అనేవాళ్లం.

పరీక్ష వారం రోజులుందనగా నేను అన్నయ్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. "నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయో లేదో ఒకసారి చూద్దాం, నదొడ్డుకి తీసుకెళ్దాం పద." ఆయన హారను విప్పాడు. "అన్నయ్యా, ముందు చక్రాల సంగతి చూడవేం?" ఆయన అద్దాలు తుడిచే పుల్లలు మార్చాడు. "లివరు పడుతోందా లేదా?" అంటే, "ఎప్పుడూ ఉండేదేగా" అని నంబరు పలకకి రంగు వేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పెద్ద గండం ముందుపెట్టుకుని మనిషి నంబరు పలకకి రంగు వేస్తాడా? కింద దూరి నేనే చూస్తానంటే పానా పట్టుకుని అడ్డం నిలబడ్డాడు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు.

పరీక్ష ముందురోజు వాన దంచికొట్టింది. మర్నాడు పొద్దున రోడ్ల ఆఫీసు వెనకాల ఖాళీస్థలంలో ఇసుకబస్తాలతో నింపిన పాత లారీ ఇరుసుల దాకా బంకమట్టిలో దిగబడి ఉంది. ఇంజినీరు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. మెత్తని మనిషే. "కొండమలుపుల్లో తిరగాలంటే మీ జీపే నయమమ్మా, ఆ ఎర్రబండి పొడవెక్కువ. లాగితే చాలు, మీదే అనుకోండి" అని నాతో అన్నాడు. వదిన కూడా మర పెద్దావిడకి అప్పజెప్పి చూడ్డానికి వచ్చింది. అన్నయ్య పని చూడ్డానికి వదిన రావడం అదే మొదటిసారి.

ముందు మా వంతు. నేను లారీ ఎక్కి స్టీరింగు పట్టుకున్నాను. అన్నయ్య తాడు కట్టి, జీపెక్కి, చిన్న లివరు ముందుకు తోశాడు. అది నేను కళ్లారా చూశాను. తాడు మెల్లగా బిగిసింది. జీపు గర్జించింది. వెనక చక్రాలు గిర్రున తిరిగి బురదంతా తెచ్చి నా అద్దానికి కొట్టాయి. ముందు చక్రాలు మాత్రం తమకేం సంబంధం లేనట్టు కదలకుండా కూర్చున్నాయి. అన్నయ్య ఇంకా తొక్కాడు. వెనక చక్రాలు ఇంకా లోతుకి తవ్వుకున్నాయి. లారీ బెత్తెడు కూడా కదల్లేదు, జీపే దిగబడింది.

నేను దిగి బురదలో అడుగులేసుకుంటూ వెళ్లి, ఎవరేమనుకుంటే నాకేంటని వెల్లకిలా పడుకుని జీపు కిందకి తల దూర్చాను. ముందు చక్రాలకి బలం తీసుకెళ్లే పొడుగాటి షాఫ్టు ఉండాలక్కడ. లేదు. అటు చివరా ఇటు చివరా కన్నాల్లోకి మట్టి పోకుండా నీటుగా గుడ్డ చుట్టి తీగతో కట్టి ఉంది. ఆ నీటుతనం చూస్తే కడుపు మండింది.

అన్నయ్య కూడా వచ్చి పక్కన కూర్చుని కిందకి వంగాడు.

"ముందు షాఫ్టేదన్నయ్యా?"

"మెల్లిగా మాట్లాడు."

"ఏదంటే!"

"ఉంది. ఎక్కడికి పోతుంది."

"ఎక్కడ?"

ఆయన గొడుగు కింద నిలబడ్డ వదిన వైపు ఓ చూపు చూసి, "మరలో" అన్నాడు.

ఒక్కక్షణం నాకు అర్థం కాలేదు. తర్వాత పట్నం మెకానిక్కు, రేకు మూత, బుద్ధిగా ఆడే మర, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. బురదలో పడుకునే ఉండి, ఆయన చొక్కా కాలరు పట్టుకున్నాను.

"మీ వదినకి చెప్పకు" అన్నాడు. "తెలిస్తే మర గడప తొక్కనివ్వదు."

"ఇప్పుడు మాత్రం తొక్కనిస్తోందా?"

"తను స్నానానికెళ్లినప్పుడు వెళ్తున్నాగా. గ్రీజు పెట్టాలి కదా దానికి."

ఇంజినీరు దూరం నుంచి "ఏమైంది?" అని అడిగాడు. అన్నయ్య లేచి చేతులు తుడుచుకుంటూ, "పాతది సార్, కొంచెం మొరాయిస్తోంది" అన్నాడు. జీపుని తిట్టడం ఆయన నోట ఎప్పుడూ వినలేదు. నా ఉద్యోగం కళ్లముందు బురదలో దిగబడుతుంటే నేను ఇంక ఆగలేకపోయాను.

"మొరాయించడం కాదు సార్. ముందు చక్రాల షాఫ్టే లేదు. మా వదిన పిండిమరలో ఉంది!"

అందరూ గొల్లుమన్నారు. ఎర్రబండాయన కడుపు పట్టుకుని మరీ నవ్వాడు. వదిన మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఇంజినీరు చేతిగడియారం చూసుకుని, "సరే, ముందు ఎర్రబండి లాగనివ్వండి. లారీని మళ్లీ దింపిస్తాను. భోజనాల వేళకి షాఫ్టు బిగించుకొస్తే మీకు ఇంకో అవకాశం ఇస్తాను. రాగలరా?" అన్నాడు.

అన్నయ్య నేల చూపులు చూస్తున్నాడు. "వస్తాం సార్, బిగించుకుని వస్తాం!" అని నేనే అరిచాను.

మర అక్కడికి మరీ దూరం కాదు. నేను పానాల సంచి భుజాన వేసుకుని ముందు పరిగెత్తాను. వెనకాల వదిన. ఆ వెనకాల మొహం వేలాడేసుకుని అన్నయ్య. వదిన నడుస్తూనే, వెనక్కి తిరక్కుండా అడుగుతోంది.

"అయితే పట్నం నుంచి ఎవరూ రాలేదు."

"లేదు."

"మర బాగుచేసింది మీరే."

"ఊఁ."

"ఇన్నాళ్లూ నేను వీధి వీధంతా చెప్పుకుంటుంటే వింటూ నిలబడ్డారు."

అన్నయ్య ఇంకో అడుగు వెనకబడ్డాడు.

"మరి ఆ చొక్కా?"

"సామాన్ల పెట్టెలో అడుగున ఉంది. తొడుక్కుంటే నువ్వు గుర్తుపడతావని."

"మీ కొలతకే కొన్నాను" అంది వదిన. నాలుగడుగులు వేసి, "మెకానిక్కులందరూ ఒకే లావు ఉంటారనుకున్నాను" అంది. వీళ్ల గోలలో వీళ్లున్నారు. భోజనాల వేళ నా కోసం ఆగదు కదా. "నడవండి, నడవండి" అని నేను అరుస్తూనే ఉన్నాను.

మర జోరుగా ఆడుతోంది. గదంతా పిండి పొగ. డబ్బాలు పట్టుకుని జనం వరసలో ఉన్నారు. వదిన పెద్దావిడకి చేత్తో సైగ చేసి ఇంజను ఆపించింది. నేను మోకాళ్ల మీద కూర్చుని రేకు మూత స్క్రూలు విప్పేశాను. ఉంది. మా జీపు షాఫ్టే. జీపు రంగు నాకు తెలీదూ? గ్రీజుతో నిగనిగలాడుతూ, చుట్టం ఇంట్లో సుఖపడ్డ మనిషిలా ఉంది. బోల్టుకి పానా పెట్టబోయి ఆగిపోయాను.

"అన్నయ్యా, ఇది పొట్టిగా ఉందేంటి?"

ఆయన గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

"పొడవెక్కువైంది. కోశాను."

చూశాను. నిజమే. నడుం దగ్గర కోసి, మధ్యముక్క తీసేసి, మళ్లీ అతికిన మచ్చ చుట్టూతా తిరిగి ఉంది. సన్నగా, తీరుగా వేసిన అతుకు. జీపు కింద పెడితే సగం దూరం కూడా అందదు.

"ఇందాక అడిగినప్పుడు చెప్పొచ్చుగా! దారి పొడుగునా పరిగెత్తించావు. ఇంజినీరుకి మాటిచ్చాను. అప్పుడైనా నోరు విప్పొచ్చుగా!"

"చెప్తే మాత్రం పొడవు పెరుగుతుందా?" అన్నాడు.

నా చేతిలో పానా ఉంది. విసరనందుకు ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటాను.

వదిన వంగి ఆ అతుకు మచ్చ మీద వేలు పెట్టి చూసింది. "జీపుది కోశారా?" అంది. మళ్లీ అడిగింది, నమ్మలేనట్టు. "ఆ జీపుదే? రంపం పెట్టి?"

"గుడ్డ చుట్టి బిగించి కోశాను. గీతలు పడకుండా."

కోసేస్తున్నదానికి గీతలు పడితే ఏం, పడకపోతే ఏం? కానీ నాకు ఆయన కనిపించాడు. ఖాళీ షెడ్డులో ఒక్కడే, ఆ షాఫ్టుకి మెత్తని గుడ్డ చుడుతూ. నాకు కోపం తగ్గలేదు.

"ఇంకేం దొరకలేదా మీకు? అంత పెద్ద షెడ్డులో?"

"అన్నీ పెట్టి చూశాను. ఏదీ ఆగలేదు. నువ్వు మర్నాడు వస్తున్నావు. వచ్చేసరికి మర ఆగి ఉంటే నేనే పాడుచేశాననేదానివి."

"అనేదాన్నే."

"అందుకే."

వరసలో ఉన్న ఒకావిడ డబ్బా ఇంకో చేతికి మార్చుకుంది.

"మరి నా సంగతేంటి?" అన్నాను. గొంతు పగిలింది, పగలనీ. "ఆ ఉద్యోగానికి మనం వస్తామని చెప్పినప్పుడు నీకు తెలుసు కదా జీపుకి ముందు చక్రాలు లేవని? నాకెందుకు ఆశపెట్టావు?"

అన్నయ్య మొదటిసారి నా మొహంలోకి చూశాడు. "నువ్వు అంత సంబరపడుతుంటే ఎలా చెప్పను? మట్టి గట్టిగా ఉంటే రెండు చక్రాలతోనే లాగేసేవాణ్ణి. ఎలాగోలా లాగేస్తాననుకున్నా. నిన్న వాన పడకపోతే..." అని ఆగాడు.

ఆయనంతే. ఎవరికి ఏది అవసరమైతే అది ఇంకోచోట నుంచి ఊడబీకి ఇస్తాడు. ఆ రెండో చోట కూడా ఒక మనిషి ఉంటుందని ఆయనకి ఎప్పటికీ గుర్తుండదు. వదిన మరకి జీపు షాఫ్టు ఇచ్చాడు. ఇచ్చినప్పుడు అది నా ఉద్యోగమని ఆయనకి తెలీదు. నాకూ తెలీదు. ఎవరి మీద అరవను? అదే నా బాధ. తప్పు చేశాడనడానికి లేదు, మంచి చేశాడనడానికి నోరు రావడం లేదు.

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. పిండి అంటుకుని మొహం ఇంకా తెల్లగా అయింది. పెద్దావిడకి సైగ చేసింది. ఇంజను రెండు దగ్గులు దగ్గి అందుకుంది, మర ఆడింది, మూత లేని ఆ షాఫ్టు మా ముగ్గురి కళ్లముందూ వణుకూ తొణుకూ లేకుండా తిరిగింది. వదిన గుమ్మం వైపు తిరిగి, చప్పుడుకి పైన గొంతు పెట్టి అరిచింది.

"అక్కడే నిలబడతారేం? లోపలికి రండి. ఏదో చప్పుడొస్తున్నట్టుంది, వినండి."

అన్నయ్య గడప దాటి వచ్చాడు. షాఫ్టు పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని, చాలాసేపు విన్నాడు. నేనెరిగినంతలో ఆయన ఏ మిషనుకి చెవి పెట్టినా ఏదో ఒక రోగం దొరక్కుండా లేవలేదు.

"ఏం లేదు," అన్నాడు. "బాగుంది."

"అయితే ఆ మూత వేసెయ్యండి. పిండి పడుతుంది."

ఆయన స్క్రూలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. వదిన వరసలో ముందున్నావిడ డబ్బా అందుకుంది. వాళ్లిద్దరికీ కుదిరిపోయింది. నేను ఖాళీ సంచి భుజాన వేసుకుని బయటికొచ్చాను. ఎవరో ఒకరు వెళ్లి చెప్పాలి కదా, పైగా జీపు ఇంకా అక్కడే బురదలో ఉంది. దారంతా ఏడుస్తూనే నడిచాను. సంతోషంతో కాదు, జాలితో కాదు, వట్టి ఉక్రోషంతో.

నేను వెళ్లేసరికి లారీ గట్టు మీద ఉంది. ఎర్రబండాయన తాడు చుట్టుకుంటున్నాడు. ఇంజినీరు నా చేతుల వైపూ, నా వెనక ఖాళీగా ఉన్న దారి వైపూ చూశాడు.

"ఏమ్మా, షాఫ్టు దొరకలేదా?"

"దొరికింది సార్."

"మరి బిగించుకుని రాలేదేం?"

"అది ఉద్యోగంలో ఉంది సార్," అన్నాను. "మా ఇంట్లో ఉద్యోగం దొరికింది దానికొక్కదానికే. మాన్పించడానికి మాకు చేతులు రాలేదు."

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. గొడుగు ముడిచి, రేపట్నుంచి ఎర్రబండే వస్తుందని గేటు దగ్గరి మనిషికి చెప్పమని నన్నే పంపించాడు.